గెలిచేవాళ్ళు రాని గది

ఐదో నంబరు, ఒకటి. మళ్ళీ ఐదు. ఏడు, ఒకటి. ఐదు. చియెన్ మాస్టారి గొంతు ఇంత గట్టిదని నాకిన్నాళ్ళూ తెలియదు, మా బడిలో పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, ఒక్కో ఓటు కాగితాన్నీ రెండు చేతులా తలపైకెత్తి, గుమ్మం వైపు ఒకసారి, కిటికీల వైపు ఒకసారి చూపించి అప్పుడు నంబరు చదువుతున్నాడు, గోడకి అంటించిన పెద్ద కాగితం మీద కుర్ర టీచరమ్మ ఒకావిడ గీత గీస్తోంది, ఓటుకో గీత, ఐదు గీతలు పడితే లెక్కకి వాడే అక్షరం ఒకటి పూర్తవుతుంది. ఐదో నంబరు కింద అక్షరాలు అప్పుడే మూడో వరసలోకి దిగాయి. నా నంబరు రెండు. నా కింద మొదటి వరసే ఇంకా నిండలేదు. ఐదో నంబరు ఎవరంటే దింగ్ బో-కాయ్, మా అన్నయ్య కొడుకు, నా మేనల్లుడు, చిన్నప్పుడు వాడికి సముద్రపు గుల్లల మాంసంతో వేసిన అట్లు చిన్న చిన్న ముక్కలు చేసి ఊది ఊది తినిపించాను, ఇప్పుడు మైకులో నన్ను ‘మన పాత కౌన్సిలర్ గారు’ అంటాడు. నాలుగుసార్లు గెలిచాను, పదిహేడేళ్ళు జిల్లా సభలో కూర్చున్నాను, ఇవాళ సాయంత్రంతో ఆఖరు. ఆ సంగతి నెల కిందటే తెలుసు నాకు. మార్కెట్లో చేతులు కలిపేటప్పుడు తెలిసిపోతుంది, వేసేవాళ్ళు చెయ్యి పట్టుకుని ఏదో ఒక పని అడుగుతారు, వెయ్యనివాళ్ళే మెత్తగా నవ్వి ఆరోగ్యం జాగ్రత్త అంటారు. ఈ నెలంతా నా ఆరోగ్యం గురించి అడగనివాడు లేడు.

ఇక్కడికి రావాల్సిన పని లేదు నాకు. పోటీ చేసేవాళ్ళు నాలుగు గంటలకి తమ ఆఫీసులో ఉండాలి, రేకుల షెడ్డు కింద టీవీ ముందు వేడి టీ తాగుతూ, గుమ్మంలో టపాకాయల దండ సిద్ధంగా పెట్టుకుని. మా వాలంటీర్లు ఇప్పుడు కూడా ఆ దండ తెచ్చారు పాపం, తేకపోతే నేను బాధపడతానని. దాన్ని చూస్తూ కూర్చోలేక, బాత్రూముకి వెళ్ళొస్తానని చెప్పి స్కూటరేసుకుని వచ్చేశాను. పోలింగ్ రోజు ప్రచారంలో వాడిన నంబరు జాకెట్టు వేసుకోకూడదు కాబట్టి ఈ బూడిదరంగు కోటు, అందులో నేను చేపల మార్కెట్టుకి బయల్దేరిన దానిలా ఉన్నాను. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళు నన్ను చూసి జరిగి జాగా ఇచ్చారు, చావు ఇంట్లో దగ్గరి బంధువులకి ఇచ్చినట్టు. ఈ పెట్టెలో నాలుగు వందల పన్నెండు కాగితాలున్నాయి. అందులో ఒకటి మా అమ్మది. ఏది ఆమెదో తెలిసే మార్గం లేదు, రహస్యమైన ఓటు, అన్నీ ఒకే రకం కాగితం, ఒకే రకం గుండ్రటి ముద్ర. అయినా వచ్చాను. ఆ కాగితాన్ని మాస్టారు పైకెత్తినప్పుడు, ఏదని తెలియకపోయినా, ఆ గదిలో ఉండాలనిపించింది. ఓడిపోతానని బెంగ లేదు. పదిహేడేళ్ళలో ఒక్కసారైనా మా అమ్మ నాకు ఓటేసిందా లేదా, అది తెలియకుండానే ఇంటికి పోవాలి కదా అని బెంగ.

అమ్మ వరండా ఆ చివర కూర్చుని ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఎర్ర ప్లాస్టిక్ ముక్కాలిపీట మీద, గోడకి వీపు ఆనించి, ఒళ్ళో రుమాలు మూట, అందులో గుర్తింపు కార్డు, ఓటు చీటీ, పేరు ముద్ర. ఎనభై నాలుగేళ్ళు. పొద్దున్న ఎనిమిదింటికే ఓటేసింది, మళ్ళీ ఇప్పుడొచ్చి కూర్చుంది. మనవడు గెలుస్తుంటే చూడ్డానికి వచ్చి ఉంటుంది, తప్పేముంది, నేనైనా వస్తాను. నన్ను చూసింది, చూసి తల ఊపింది, బస్సులో ఎదురు సీట్లో తెలిసిన మనిషి కనిపిస్తే ఊపినట్టు. ఏడు, ఒకటి. రెండు, ఒకటి. ఆ రెండు నాది. ఎవరు వేశారో, బహుశా గుల్లలు ఒలిచే కొట్టంలో ఆ-హ్వీ, దాని మొగుడి పింఛను కోసం పదకొండు సార్లు తిరిగాను, వెయ్యకపోతే దానికి అన్నం సహించదు. ఇదీ నా బుద్ధి. గీత గీయగానే దాని వెనక ఏ పని ఉందో వెతుకుతాను, వీధిదీపమా, మురుగుకాలవా, ఆసుపత్రిలో మంచమా. ఏ పనీ లేకుండా ఉత్తినే నన్ను చూసి వేసిన ఓటు ఒక్కటైనా ఉందా అని ఎప్పుడూ అనుకోలేదు, ఇవాళ అనుకుంటున్నాను.

మొదటిసారి నన్ను నిలబెట్టింది అన్నయ్యే. దింగ్ వాన్-ఫు, అప్పటికి రెండుసార్లు కౌన్సిలర్, నోట్లో వక్క, నడుముకి ఫోను, ఎవరింట్లో పెళ్ళయినా మొదటి బల్ల దగ్గర ఆయనే. పార్టీవాళ్ళు ఆడవాళ్ళ పేరు ఒకటి కావాలన్నారు. నేనప్పుడు మత్స్యకారుల సంఘంలో గుమాస్తాని. “నువ్వేం చెయ్యక్కర్లేదే, ఫోటో ఇవ్వు చాలు. అవతలి పార్టీ ఆడమనిషికి పడే ఓట్లు కొన్ని చీలిస్తే నా పని సులువు,” అన్నాడు. నా పోస్టర్లు ఆయనే అచ్చేయించాడు, నా నవ్వు బాగాలేదని రెండోసారి ఫోటో తీయించాడు. నేనూ ఏం చెయ్యలేదు, రోజూ వెళ్ళే కొట్టాల్లోనే కూర్చున్నాను, గుల్లలు ఒలిచే ఆడవాళ్ళతో ఎప్పటిలాగే మాట్లాడాను. వాళ్ళు వేశారు. ఎందుకు వేశారో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు, వాళ్ళ చేతుల్లాంటివే నా చేతులని కావచ్చు. మా ప్రాంతానికంతా కలిపి నాలుగు సీట్లు, లెక్క తేలేసరికి వాటిలో ఆఖరిది అన్నయ్యకొచ్చింది, నా కంటే ఆరువందల పైచిలుకు ఓట్లు ఎక్కువే ఆయనకి. కానీ నాలుగు సీట్లకి ఒకటి ఆడవాళ్ళది, గెలిచినవాళ్ళలో ఒక్క ఆడమనిషీ లేదు, ఆడవాళ్ళలో ముందున్నది నేను. ఆఖరి మగవాడు దిగాలి, నేను ఎక్కాలి. ఆఖరి మగవాడు మా అన్నయ్య. టపాకాయలు అప్పటికే కాల్చేశారు ఆయన ఇంటి ముందు, ఆ ఎర్ర కాగితపు ముక్కల మీదే నిలబడి ఫోనులో ఆ మాట విన్నాడు. చట్టానికి ముక్కూ మొహం ఉండవు, ఒకే కడుపున పుట్టినవాళ్ళెవరో దానికేం తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్న అమ్మ వంటింట్లో నా ముందు గంజి గిన్నె పెట్టి, “రాజీనామా ఇచ్చెయ్,” అంది. నేను అధికారుల్ని అప్పటికే అడిగాను, నేను మానుకుంటే ఆ సీటు అన్నయ్యకి పోదు, ఖాళీగా ఉంటుంది, అదే చెప్పాను. “ఖాళీగానే ఉండనీ,” అంది అమ్మ. గంజి తాగాను, గిన్నె కడిగి బోర్లించాను, వెళ్ళి ప్రమాణం చేశాను. ఆ రోజు నాకు కుర్చీ మీద ఆశ లేదని చెబితే అబద్ధం. నలభై నాలుగేళ్ళ మీద మొదటిసారి ఒకటి నాదయింది, దాన్ని ఖాళీగా పెట్టమంటే పెట్టలేకపోయాను. ఆ తర్వాత అమ్మ నాతో మాట మానెయ్యలేదు, మానేసినా బాగుండేది. వాన గురించి మాట్లాడుతుంది, గుల్లల ధర గురించి, నా దగ్గు గురించి. నా పదవి గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు. టీవీలో నేను కనిపిస్తే లేచి బట్టలు మడతపెడుతుంది. అన్నయ్య ఆరేళ్ళ కిందట లివరు చెడి పోయాడు. ఆయన పాడె వెనక నేను నడుస్తుంటే, ఊళ్ళో అందరి చావులకీ వచ్చినట్టే వచ్చిందని వదిన ఎవరితోనో అంటే వినిపించింది. నిజమే, నాకు తేడా తెలియకుండా పోయింది. పదిహేడేళ్ళు పొద్దున్నే లేచి నల్లకోటు వేసుకుని ముఖమెరగని శవాలకి మూడుసార్లు వంగి నమస్కరించాను, కొన్ని రోజులు నలుగురికి, సాగనంపడానికి మంచి రోజైతే ఏడుగురికి, మధ్యాహ్నానికి కోటు మార్చి పెళ్ళిళ్ళకి. మా సొంత అన్నయ్య ఫోటో ముందు కూడా నా నడుం దానంతటదే వంగింది, లోపల ఏమీ కదల్లేదు, అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

ఐదు, ఒకటి. ఐదు, ఒకటి. రెండు. తొమ్మిది. సభలో మొదటి ఏడాది నా ముందున్న పేరుపలక పక్కన ఎవరో రోజూ పూలు పెట్టేవారు, వాళ్ళ లెక్కలో నేను అలంకారానికి పెట్టిన పూలకుండీని, పూలకుండీకి పూలుండాలి కదా చెల్లెమ్మా అని నవ్వేవారు మగ కౌన్సిలర్లు. నేనూ నవ్వాను. రెండో ఏడాది ఓడరేవు లెక్కల ఫైలు కంఠస్థం చేసుకెళ్ళి నలభై నిమిషాలు అడిగాను, మైకు ఆపేస్తే అరిచి అడిగాను, అప్పట్నుంచి పూలు ఆగిపోయాయి. ఎనిమిదేళ్ళు కొట్లాడి తెచ్చిన అలల గోడ ఉంది, నా పేరు చెప్పగానే ఊళ్ళో అందరికీ గుర్తొచ్చేది అదే. తుపాను రోజుల్లో పడవలు నిలవడానికి తెచ్చాను. పడవలు నిలిచాయి. కానీ గోడ కట్టాక నీటి దారి మారింది, దక్షిణం వైపు ఇసుక మేట వేసింది, గుల్లలు పెంచే వెదురు దడుల మీద అవి ఊపిరాడక చచ్చాయి. ఇంజనీర్లు అలా జరగదన్నారు, నేను సంతకం పెట్టాను. ఆ దక్షిణం వైపు దడులన్నీ ఈ గదిలో ఓటేసేవాళ్ళవే, మా వీధివే. బో-కాయ్ ఈ నెలంతా చేసింది ఒక్కటే, ఇసుకలో కూరుకుపోయిన దడుల ముందు నిలబడి మాట్లాడాడు, గోడ ఎవరు కట్టించారో కూడా చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. తెలివైనవాడు, వాళ్ళ నాన్నకంటే తెలివైనవాడు. నాకు ఓటేసిన ఆడవాళ్ళకి ఒలవడానికి గుల్లలు లేకుండా చేసింది నేనే. ఓడిపోవడం న్యాయమే. న్యాయమని తెలిస్తే నొప్పి తగ్గాలి కదా, తగ్గదేం.

నిన్న మధ్యాహ్నం ఆఖరి ఊరేగింపులో మార్కెట్టు నాలుగు రోడ్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఓడిపోయేవాళ్ళు చేసే పని అది, మైకులో ఏడుపు గొంతుతో ఒకమ్మాయి ‘మా అక్కని కాపాడండి’ అంటుంటే మనం తారు రోడ్డు మీద మోకరించి దండం పెట్టాలి. నేనిన్నేళ్ళూ ఎప్పుడూ చెయ్యలేదు, మా ప్రచారం వాళ్ళు రెండు వందల ఓట్లు వస్తాయన్నారు, చేశాను. తలెత్తేసరికి కూరగాయల బండి పక్కన అమ్మ నిలబడి ఉంది, చేతిలో ముల్లంగి. దగ్గరికొచ్చి, “మోకాళ్ళు కొట్టుకుపోతాయే, లే,” అంది. లేవలేదు నేను, కెమెరాలున్నాయి. అమ్మా, నువ్వు ఒక్కదానివి వేస్తే చాలు అని అక్కడే అడిగెయ్యాలనిపించింది. ఎలా అడుగుతాను, వేల మందిని అడిగిన నోరే, ఆమె ముందు తెరుచుకోదు. ముల్లంగి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

వెలుతురు తగ్గుతోంది, గదిలో ట్యూబులైట్లు వేశారు. పెట్టె అడుగుకి వచ్చాయి కాగితాలు, ఇంకో యాభై ఉంటాయి. నావి నలభై మూడు, వాడివి నూట తొంభై దాటాయి. వీటిలో అమ్మది అయిపోయి ఉంటుంది ఈపాటికి, ఏ ఐదు కిందో గీత అయి కూర్చుని ఉంటుంది. పోనీ, వెళ్ళిపోదామా. మాస్టారు ఇంకో కాగితం విప్పాడు. విప్పి, పైకెత్తలేదు. ముందు కళ్ళజోడు సర్దుకున్నాడు, తర్వాత నా కిటికీ వైపు చూశాడు, నేనున్నానని అప్పుడే చూసినట్టు. అప్పుడు ఎత్తాడు. “చెల్లదు,” అన్నాడు, ఇంతసేపూ అరిచిన గొంతు కాదు అది. “సొంత ముద్ర.”

ముసలివాళ్ళు చేసే పొరపాటే అది. ఓటు కాగితం తీసుకునేటప్పుడు పుస్తకంలో మన పేరు ముద్ర వెయ్యాలి, లోపల చాటులోకి వెళ్ళాక అక్కడ దారానికి కట్టిన సర్కారు ముద్ర వెయ్యాలి. చేతిలో ఉన్నది అదే కదా అని కొందరు సొంత ముద్రే గుద్ది వచ్చేస్తారు. ఓటు పోతుంది, పైగా పేరు పడుతుంది. మామూలుగా అందరూ నవ్వుతారు, ఎవరి అవ్వ రా అని. ఇవాళ గదిలో ఎవరూ నవ్వలేదు. నేను మొదటి కిటికీ దగ్గరున్నాను, మూడడుగుల దూరం. చిన్న గుండ్రటి ముద్ర, ఎర్రగా, ఒక పక్క అంచు లేదు. గేదెకొమ్ము ముద్ర అది, ఆ అంచు విరగ్గొట్టింది నేనే, ఏడేళ్ళప్పుడు. అమ్మ పేరు, బోంగ్-చీ. ఆడపిల్ల పుట్టింది, సరేలే పెంచుదాం అని మా తాత పెట్టిన పేరు, ఆ రోజుల్లో ఊరికి నలుగురుండేవాళ్ళు ఆ పేరున్న ఆడవాళ్ళు. అమ్మకి చదువు లేదు, తన పేరు రాయడం రాదు, ఆ కొమ్ముముక్క గుద్దితేనే తన పేరు. అది ఐదు ఎదురుగా లేదు. రెండు ఎదురుగా ఉంది. నా ఫోటో కింద, గడి మధ్యలో, ఎక్కడా వంకర పోకుండా, ఊపిరి బిగబట్టి గుద్దినట్టు. నాకే వేసింది, పాపం ముసలిది, తికమకపడి సొంత ముద్ర వేసింది. ఒక్క ఓటు కావాలనుకున్నాను, వచ్చింది, చెల్లకుండా వచ్చింది.

ఆ-ల్వాన్ అక్క బయటికి వచ్చింది, ఈ గదిలో మా తరఫున లెక్క చూసే మనిషి, మొదటి ఎన్నిక నుంచి ఆవిడే. నా చెయ్యి పట్టుకుంది. “అమ్మ పొరపాటు చేసింది అక్కా, నాకు ముందే చెప్పి ఉండాల్సింది,” అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూడలేదు. “పొరపాటేంటమ్మా. ప్రతిసారీ అంతే కదా,” అంది. “నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది నా చేత. మాస్టారికీ తెలుసు.”

వరండా చివరికి వెళ్ళాను. అమ్మ పీట పక్కన గొంతుకూర్చున్నాను, నిన్న కొట్టుకుపోయిన మోకాళ్ళు మండాయి. అమ్మ లోపలికి చూస్తూనే అడిగింది.

“కనిపించిందా?”

“కనిపించింది.”

“స్పష్టంగా పడిందా? ఈ మధ్య చెయ్యి వణుకుతోంది.”

“పడిందమ్మా. అలా వేస్తే చెల్లదని తెలుసా నీకు?”

“నాకు తెలియకపోవడమేంటే, నీకు ఓటు వెయ్యడం నేర్పిందే నేను.” రుమాలు మూట ముడి విప్పి మళ్ళీ వేసింది. “నువ్వు కుర్చీ ఎక్కిన రోజు మీ అన్న నన్ను సముద్రం తల్లి గుళ్ళో నిలబెట్టాడు. నా ఓటు నీ లెక్కలో పడనివ్వనని ప్రమాణం చేయించాడు. మరి పడనివ్వలేదు. వాడు ఆ లోకంలో కనబడితే మొహం చూపించగలను.”

“ఈసారి నీ మనవడు కదా నిలబడింది. వాడికైనా వెయ్యాల్సింది.”

“వాడికి ఊరంతా వేస్తోందిగా.”

లోపల మాస్టారు ఐదు, ఒకటి అన్నాడు. బయట ఎవరో అప్పుడే టపాకాయలు అంటించారు, మా వదిన ఇంటి వైపు నుంచే. ఆ చప్పుడు ఆగాక అమ్మ, కోపంగా కాదు, గుల్లల ధర చెప్పినట్టే చెప్పింది: “నువ్వు చూస్తావనుకుని ప్రతిసారీ ఇక్కడే కూర్చునేదాన్ని. నువ్వు వచ్చేదానివి కాదు. గెలిచేవాళ్ళకి ఇక్కడేం పని.”

ఆ ప్రమాణం తర్వాత, ఇవాళ్టిది కాక, మూడు ఎన్నికలు. మూడుసార్లూ ఆ సాయంత్రం నేను దండలు వేసుకుని షెడ్డు కింద నిలబడి ఉన్నాను. మర్నాడు ప్రతి గది లెక్కా నా బల్ల మీదికి వచ్చేది, ఎక్కడ తగ్గాయో చూసుకోవడానికి ఒక్కో కాగితం చదివేదాన్ని. ఈ గది కాగితం కూడా చదివాను. అడుగున చెల్లనివి ఒకటి అని ఉండేది. ఎవరో ముసలివాళ్ళు అయ్యుంటారులే అనుకుని తిప్పేశాను.